సదస్సుల రూపకల్పనలో కొత్త పోకడలు: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

వృత్తి సంఘాల సమావేశాలు, వ్యాపార సదస్సులు, కళాశాల సెమినార్ల నిర్వహణలో వస్తున్న మార్పుల గురించి పాఠకులు అడిగిన ప్రశ్నల్లో కొన్నింటికి ఈ సంచికలో జవాబులు ఇస్తున్నాం. ప్రశ్న పంపినవారి వృత్తి, ఊరు మాత్రమే పేర్కొన్నాం.

ప్రశ్న: మా స్పెషలిస్టు వైద్యుల సంఘం ఏటా రెండు రోజుల సదస్సు జరుపుతుంది. సుమారు 300 మంది పేర్లు నమోదు చేసుకుంటారు. ప్రారంభ సభ ముగిసేసరికి హాలు సగం ఖాళీ అవుతోంది. రెండో రోజు మధ్యాహ్నం వక్తలు ఖాళీ కుర్చీల ముందు మాట్లాడాల్సి వస్తోంది. ఈసారి పెద్ద ఎల్‌ఈడీ తెర, మొబైల్ యాప్, స్వాగతం పలికే రోబో పెడదామని కొందరు సభ్యులు అంటున్నారు. వీటిలో దేనిమీద డబ్బు ఖర్చు చేయడం మంచిది?
— సంఘ కార్యదర్శి, విజయవాడ

జవాబు: ముందు రోబో సంగతి. 2017 నవంబరులో హైదరాబాద్ మాదాపూర్‌లోని హెచ్‌ఐసీసీ అనే సమావేశ కేంద్రంలో గ్లోబల్ ఎంట్రప్రెన్యూర్‌షిప్ సమ్మిట్ జరిగినప్పుడు ప్రధానమంత్రి నరేంద్ర మోదీ, అమెరికా బృందానికి నాయకత్వం వహించిన ఇవాంకా ట్రంప్ 'మిత్ర' అనే రోబో సాయంతో సదస్సును ప్రారంభించారు. మరుసటి ఏడాది ఫిబ్రవరిలో అదే నగరంలో జరిగిన ప్రపంచ సమాచార సాంకేతిక సదస్సుకు 'సోఫియా' అనే రోబో వచ్చింది. ఆ రెండు సభలూ కొత్త వ్యాపారాలు, కొత్త సాంకేతికత గురించినవి కాబట్టి రోబో అక్కడ విషయంలో భాగమైంది. మీ సభలో అది పది నిమిషాల ఫొటోల సందడికే పరిమితమవుతుంది. ఆ ఖర్చు మానుకోండి.

మీ అసలు సమస్య కార్యక్రమ పట్టికలో ఉంది. పది గంటలకని వేసిన ప్రారంభ సభ పదిన్నరకు మొదలవుతుంది. ప్రార్థనాగీతం, జ్యోతి ప్రజ్వలన, వేదిక మీద పదిమంది అతిథులు, ఒక్కొక్కరికీ బొకే, శాలువా, జ్ఞాపిక, ఒక్కొక్కరి ప్రసంగం, చివర వందన సమర్పణ పూర్తయ్యేసరికి పన్నెండు దాటుతుంది. అతిథుల కోసం వచ్చినవారు అతిథులతోపాటే వెళ్లిపోతారు, నేర్చుకుందామని వచ్చినవారు అప్పటికే అలసిపోయి ఉంటారు. ఈ మధ్య చాలా సంఘాలు ఈ వరుసను తిరగేశాయి. ఉదయం తొమ్మిది గంటలకే అన్నిటికన్నా ఆసక్తికరమైన శాస్త్రీయ సెషన్ పెట్టి, భోజనానికి ముందు ముప్పై నిమిషాల్లో ప్రారంభోత్సవం ముగించి, సన్మానాలను రాత్రి విందుకు మారుస్తున్నారు. అతిథుల గౌరవానికి ఇందులో లోటేమీ ఉండదు. నిండిన హాలులో మాట్లాడటం వారికీ సంతోషమే.

ఇక సెషన్ల తీరు. నలభై నిమిషాల ఏకధాటి ఉపన్యాసానికి బదులు పదిహేను, ఇరవై నిమిషాల ప్రసంగం, దాని తర్వాత అంతే సమయం చర్చ అనే పద్ధతి ఇప్పుడు స్థిరపడుతోంది. వైద్యుల సదస్సుకు దీనికన్నా మంచి పద్ధతి మరొకటి ఉంది. నిజంగా చూసిన ఒక కేసును, రోగి వివరాలు బయటపడకుండా, అంచెలంచెలుగా తెరమీద చూపిస్తూ ప్రతి మలుపులోనూ 'ఇప్పుడు మీరైతే ఏ పరీక్ష రాస్తారు, ఏ మందు మొదలుపెడతారు' అని అడిగి, హాజరైనవారంతా ఫోన్లో ఓటు వేసేలా చేయడం. హాలులో ఉన్న అనుభవజ్ఞుల్లోనే నూటికి నలభై మంది ఒక దారిని, అరవై మంది మరో దారిని ఎంచుకున్నారని తెరమీద కనిపించాక జరిగే చర్చను వదిలి ఎవరూ బయటికి వెళ్లరు. దీనికి యాప్ అవసరం లేదు. క్యూఆర్ కోడ్ స్కాన్ చేస్తే తెరుచుకునే వెబ్ పేజీ చాలు. వేల మంది వచ్చి, నాలుగైదు హాళ్లలో సమాంతరంగా సెషన్లు నడిచే సదస్సులకు యాప్ నిజంగా ఉపయోగపడుతుంది. 300 మంది ఒక్క హాలులో కూర్చునే సభకు యాప్ చేయిస్తే రెండు రోజుల కోసం దాన్ని డౌన్‌లోడ్ చేసుకొమ్మని అందరినీ బతిమాలాల్సి వస్తుంది.

తెర విషయం కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే డబ్బు ఎక్కువగా వృథా అయ్యేది ఇక్కడే. చివరి వరుసలో కూర్చున్నవారికీ తెరకూ మధ్య దూరం తెర ఎత్తుకు ఆరు రెట్లు మించితే స్లయిడ్ మీది అక్షరాలు చదవడం కష్టమవుతుంది. మీ హాలులో చివరి వరుస 60 అడుగుల దూరంలో ఉందనుకుంటే 10 అడుగుల ఎత్తు తెర కావాలి. ముందు వరుసల తలలు అడ్డురాకుండా దాని అడుగు అంచు నేలకు నాలుగైదు అడుగుల ఎత్తున ఉండాలి. అంటే సీలింగ్ కనీసం 15 అడుగులు ఉండాలి. మన ఫంక్షన్ హాళ్లలో ఫాల్స్ సీలింగ్ వేశాక అంత ఎత్తు మిగలదు. అలాంటప్పుడు ముందున్న తెరను ఇంకా వెడల్పు చేయడం వల్ల ప్రయోజనం లేదు, హాలు మధ్యలో రెండు పక్కలా చిన్న తెరలు పెట్టించుకోవాలి.

అద్దెకు వచ్చే ఎల్‌ఈడీ పలకలు సాధారణంగా అర మీటరు చదరంగా ఉంటాయి. ఎత్తుకు 6, వెడల్పుకు 11 పలకలు కూర్చితే దాదాపు 10 అడుగుల ఎత్తు, 18 అడుగుల వెడల్పు తెర తయారవుతుంది. అవి పి3.9 రకం (చుక్కకూ చుక్కకూ మధ్య 3.9 మిల్లీమీటర్ల దూరం, దీన్నే పిచ్ అంటారు) పలకలైతే ఒక్కోదాంట్లో అడ్డంగా 128, నిలువుగా 128 చుక్కలు ఉంటాయి. మొత్తం తెరమీద వెడల్పున 1,408, ఎత్తున 768 చుక్కలే వస్తాయి. వక్త తన ల్యాప్‌టాప్‌లో 1,920 వెడల్పుతో తయారు చేసుకున్న ఎక్స్‌రే చిత్రంలోని సన్నని గీత, పట్టికలోని చిన్న అంకె ఈ తెరమీద చెదిరిపోతాయి. పెళ్లి వీడియోకు అది చాలు గానీ స్కాన్ చిత్రాలు చూపించే సభకు చాలదు. సప్లయర్‌ను 'ఎన్ని అడుగుల తెర' అని మాత్రమే అడగకుండా 'పిచ్ ఎంత' అని కూడా అడగండి, వీలైతే పి2.6 రకం తీసుకోండి. లేదంటే మంచి ప్రొజెక్టరే మేలు.

కుర్చీల అమరిక కూడా సెషన్‌ను బట్టి మారాలి. 80 అడుగుల పొడవు, 50 అడుగుల వెడల్పు ఉన్న హాలులో వేదికకు, దాని ముందు ఖాళీకి, సౌండ్ కన్సోల్‌కు 800 చదరపు అడుగులు పోగా మిగిలిన 3,200లో, దారులతో కలిపి మనిషికి 10 చదరపు అడుగుల లెక్కన వరుస కుర్చీలైతే 320 మంది పడతారు. వేదికవైపు ఖాళీ ఉంచి గుండ్రని బల్లల చుట్టూ కూర్చోబెడితే మనిషికి 16 చదరపు అడుగులు కావాలి కాబట్టి 200 మందే పడతారు. కేసు చర్చలకు బల్లల అమరికే బాగుంటుంది. అందుకని రెండో రోజు మధ్యాహ్నం ఒకే పెద్ద సెషన్‌కు బదులు రెండు చిన్న గదుల్లో చేతితో చేసి నేర్చుకునే వర్క్‌షాపులు పెట్టి, వాటికి ముందే పేర్లు తీసుకోండి. వైద్య మండలి ఇచ్చే క్రెడిట్ గంటలకు (వైద్యులు కొత్త విషయాలు నేర్చుకున్నట్టు లెక్కగట్టే గంటలు) హాజరును ఉదయం ఒక్కసారి కాకుండా సెషన్‌వారీగా స్కాన్ చేయడం న్యాయమైన పద్ధతి.

మరో మాట. మందుల కంపెనీల ప్రచార పద్ధతులపై కేంద్ర ఔషధ విభాగం 2024 మార్చిలో తెచ్చిన నియమావళి ప్రకారం కంపెనీలు వైద్యులకు బహుమతులు ఇవ్వకూడదు, సదస్సులో వక్తలుగా వచ్చేవారికి తప్ప ప్రయాణ, హోటల్ ఖర్చులు భరించకూడదు. స్పాన్సర్ల మీద ఆధారపడి బడ్జెట్ వేసే సంఘాలు ఆ నియమావళిని చదివిన తర్వాతే ఒప్పందాలు చేసుకోవాలి. నా అభిప్రాయంలో ఇది సదస్సులకు మేలే చేస్తుంది. నమోదు రుసుము మీద నడిచే సభ, రుసుము కట్టినవారికి జవాబుదారీగా ఉంటుంది.

ప్రశ్న: మా ఇంజినీర్ల సంఘానికి ఉత్తరాంధ్ర జిల్లాల్లోనూ, గల్ఫ్ దేశాల్లోనూ సభ్యులున్నారు. కరోనా తర్వాత ప్రతి సభనూ ఆన్‌లైన్‌లోనూ ప్రసారం చేస్తున్నాం. చూసేవారు చాలా తక్కువ. ఈ పద్ధతిని మానేయాలా?
— సంఘ సభ్యుడు, విశాఖపట్నం

జవాబు: మానేయనక్కర్లేదు, కానీ హాలు వెనక కెమెరా నిలబెట్టడాన్ని ప్రసారం అనుకోవడం మానేయాలి. దూరంగా ఉన్నవారికి సభలో చోటు లేకపోతే వారు పది నిమిషాలకు మించి చూడరు.

దీనికి ఒక మంచి ఉదాహరణ గణిత ప్రపంచంలో ఉంది. నాలుగేళ్లకోసారి జరిగే అంతర్జాతీయ గణితశాస్త్రజ్ఞుల మహాసభ 2010 ఆగస్టులో మన హైదరాబాద్‌లో జరిగింది. భారతదేశంలో అది జరగడం అదే మొదటిసారి. అక్కడ ఉపన్యాసాలతో పాటు విశ్వనాథన్ ఆనంద్ ఒకేసారి నలభై మందితో చదరంగం ఆడిన కార్యక్రమం కూడా పెట్టారు. ఎదురెదురుగా కలిస్తేనే వచ్చే ఆనందం అది. 2022లో రష్యాలోని సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో జరగాల్సిన మహాసభను ఉక్రెయిన్ యుద్ధం కారణంగా పూర్తిగా ఆన్‌లైన్‌కు మార్చాల్సి వచ్చింది, పతకాలను మాత్రం ఫిన్లాండ్‌లోని హెల్సింకిలో ప్రదానం చేశారు. అప్పుడు కొన్ని నగరాల్లో గణితజ్ఞులు చిన్న బృందాలుగా చేరి, వక్తలను అక్కడికే పిలిచి, ఎదుట శ్రోతలుండగా ప్రసంగాలు జరిపించారు.

మీకు పనికివచ్చేది ఈ చిన్న బృందాల పద్ధతే. శ్రీకాకుళం, విజయనగరం సభ్యులు ఎవరింట్లో వారు ఫోన్లో చూడటానికి బదులు తమ ఊళ్లో ఒక గదిలో చేరి కలిసి చూడాలి. అక్కడ ఒక స్థానిక సభ్యుడు చర్చ నడిపి, ప్రశ్నలను పోగుచేసి విశాఖకు పంపాలి. హాలులో మొదటి ప్రశ్న ఎప్పుడూ దూరంగా ఉన్నవారిదే కావాలని నియమం పెట్టుకోండి. హాలులోని మైక్ చేజిక్కించుకున్నవారు దాన్ని అంత తొందరగా వదలరు కాబట్టి ఈ నియమం అవసరం. దూరంగా ఉన్నవారి ప్రశ్నలు చదవడానికి, వారితో మాట్లాడటానికి వేరే వ్యాఖ్యాతను నియమించండి. వేదిక మీద ఉన్న వ్యాఖ్యాత ఆ పనిని కూడా చూసుకోలేరు. గల్ఫ్ సభ్యుల సమయం మనకన్నా గంటన్నర, రెండున్నర గంటలు వెనక ఉంటుంది కాబట్టి వారికి ఆసక్తి ఉన్న అంశాన్ని మధ్యాహ్నం తర్వాత పెట్టాలి.

సాంకేతికంగా చూస్తే బొమ్మ కన్నా ధ్వని ముఖ్యం. బొమ్మ కాస్త మసకగా ఉన్నా భరిస్తారు, మాట ప్రతిధ్వనిస్తే వెంటనే వెళ్లిపోతారు. అందువల్ల కెమెరా మైక్‌తో సరిపెట్టకుండా హాలు సౌండ్ మిక్సర్ నుంచి నేరుగా ధ్వనిని తీసుకోవాలి. ప్రసారానికి కనీసం 10 ఎంబీపీఎస్ అప్‌లోడ్ వేగం ఉన్న ప్రత్యేక కనెక్షన్, దానికి తోడు మరో కంపెనీ కనెక్షన్ సిద్ధంగా ఉంచుకోవాలి. అతిథులందరూ వాడే హాలు వైఫైని ఇందుకు నమ్ముకోకూడదు.

ప్రశ్న: మా రైతు ఉత్పత్తిదారుల సంస్థల తరఫున పసుపు కొనుగోలుదారులతో ఒక సమావేశం పెట్టాలనుకుంటున్నాం. మహారాష్ట్రలోని సాంగ్లీ, తమిళనాడులోని ఈరోడ్ నుంచి వ్యాపారులు వస్తారు. మా రైతులకు తెలుగు తప్ప మరో భాష సరిగా రాదు. గతంలో ఇలాంటి సభలు ప్రసంగాలతోనే ముగిశాయి. ఏం చేయాలి?
— సంస్థ డైరెక్టర్, నిజామాబాద్ జిల్లా

జవాబు: జాతీయ పసుపు బోర్డు 2025లో మీ జిల్లా కేంద్రంగా ఏర్పడిన తర్వాత ఇలాంటి సమావేశాల అవసరం ఇంకా పెరిగింది. అయితే కొనుగోలుదారుకూ అమ్మకందారుకూ మధ్య బేరం ప్రసంగాల మధ్య దొరికే టీ విరామంలో కుదరదు. ఇప్పుడు వ్యాపార సదస్సులన్నీ ముందే సమయం నిర్ణయించిన ముఖాముఖి భేటీలవైపు మళ్లుతున్నాయి. మీరూ అదే చేయండి. ప్రసంగాలు మొత్తం అరగంటకు మించవద్దు.

లెక్క ఇలా వేసుకోండి. పదిమంది కొనుగోలుదారులకు పది బల్లలు. ఒక్కో భేటీకి 20 నిమిషాలు, మారడానికి 5 నిమిషాలు. ఉదయం పది నుంచి ఒంటిగంట వరకు ఏడు విడతలు, మధ్యాహ్నం రెండు నుంచి నాలుగు వరకు నాలుగు విడతలు వస్తాయి. అంటే ఒక్కో బల్ల దగ్గర 11, మొత్తం 110 భేటీలు. పాతిక సంస్థలు వస్తే ఒక్కోదానికి నాలుగు భేటీలు ఖాయంగా దొరుకుతాయి. ఎవరికి ఎంత సరుకు కావాలో, ఎవరి దగ్గర ఏ రకం ఉందో పదిహేను రోజుల ముందే రాయించుకుని జతలు కుదర్చాలి. సమావేశం విజయం ఈ పని మీదే ఆధారపడి ఉంటుంది, హాలు అలంకరణ మీద కాదు. ప్రతి సంస్థా తన బల్లకు తెచ్చుకోవాల్సినవి: కొమ్ము (పొడుగు పసుపు), మండ (గుండ్రని దుంప) వేర్వేరుగా కట్టిన నమూనా సంచులు, ప్రతి సంచి మీద లాట్ నంబరు, ఆ లాట్‌లో ఎన్ని క్వింటాళ్లు ఉన్నాయో, కుర్కుమిన్ (పసుపుకు రంగునిచ్చే పదార్థం) శాతం, తేమ శాతం చూపించే పరీక్ష నివేదిక. నమూనా ఒక లాట్‌ది, నివేదిక మరో లాట్‌ది అయితే పేరు పోతుంది.

భాష విషయంలో రెండు మార్గాలున్నాయి. కేంద్ర ప్రభుత్వ 'భాషిణి' వేదిక ద్వారా యంత్రానువాదం బాగా మెరుగవుతోంది. 2023 డిసెంబరులో వారాణసిలో ప్రధాని హిందీ ప్రసంగాన్ని దానితోనే అప్పటికప్పుడు తమిళ శ్రోతలకు వినిపించారు. మీ ప్రారంభ ప్రసంగాలకు, తెరమీద తెలుగు అక్షరాలు చూపడానికి అలాంటిది వాడుకోవచ్చు. కానీ బేరం దగ్గర మనిషే ఉండాలి. ధర, తూకంలో తరుగు, చెల్లింపు గడువు వంటి మాటల్లో ఒక్క పొరపాటు దొర్లినా నష్టపోయేది రైతే. మరాఠీ, తమిళం, హిందీ తెలిసిన స్థానికులను ముందురోజే పిలిచి పసుపు వ్యాపారంలోని మాటలు పరిచయం చేయండి. వేదిక మీద ఒక వాక్యం తర్వాత ఒక వాక్యం అనువదిస్తే సమయం రెట్టింపు అవుతుంది కాబట్టి, అనువాదకులు వెనక కూర్చుని చెప్పేది చెవిలో వినిపించే వైర్‌లెస్ సెట్లు అద్దెకు తీసుకోవడం మంచిది. ఆ పనికి అనువాదకులు ఇద్దరుండాలి. ఇరవై, ముప్పై నిమిషాలకోసారి మార్చకపోతే ఎంతటి సమర్థులకైనా మాట తడబడుతుంది. భేటీలో కుదిరిన ధర, పరిమాణం ప్రతిదీ అప్పటికప్పుడు రెండు భాషల్లో చీటీ మీద రాసి ఇద్దరి సంతకాలు తీసుకోండి.

ప్రశ్న: నేను చక్రాల కుర్చీ వాడతాను. వృత్తిరీత్యా సభలకు వెళ్తుంటాను. ఒక సభలో అవార్డు అందుకోవడానికి నన్ను నలుగురు కుర్చీతో సహా వేదిక మీదికి ఎత్తారు. కొత్త డిజైన్ పద్ధతుల్లో మాలాంటి వారికి ఏమైనా మార్పు వచ్చిందా?
— బ్యాంకు అధికారి, తిరుపతి

జవాబు: మీకు జరిగినది అవమానమే. దాన్ని సహాయం అనుకునే నిర్వాహకులు ఇంకా ఉన్నందుకు బాధగా ఉంది. దివ్యాంగుల హక్కుల చట్టం 2016 ప్రకారం బహిరంగ ప్రదేశాల్లో అందరికీ సులభ ప్రవేశం కల్పించడం బాధ్యత.

చాలా చోట్ల ర్యాంపు పెట్టకపోవడానికి కారణం దాని పొడవు. ఒక అడుగు ఎత్తు ఎక్కడానికి 12 అడుగుల వాలు కావాలి. మూడు అడుగుల వేదికకు 36 అడుగుల ర్యాంపు వేయాలి, దానికి హాలులో చోటు ఉండదు. అందుకే ఈ తరం డిజైనర్లు వేదిక ఎత్తునే అడుగున్నరకు తగ్గిస్తున్నారు. అప్పుడు 18 అడుగుల ర్యాంపు సరిపోతుంది, దాన్ని వేదిక పక్క గోడ వెంట పెట్టవచ్చు. వేదిక తగ్గితే వెనకవారికి కనిపించదన్న అభ్యంతరాన్ని తెరమీద దగ్గరి దృశ్యం చూపించి తీర్చవచ్చు. ఇంకా మేలైన మార్గం, అవార్డులను అందరికీ వేదిక కిందే ఇవ్వడం.

చక్రాల కుర్చీకి చోటు మొదటి వరుసలో ఒక మూల మాత్రమే ఉంచకూడదు. మధ్య వరుసల్లోనూ కుర్చీలు తీసి ఖాళీలు ఉంచితే మీరు మీ సహోద్యోగుల పక్కనే కూర్చోగలరు. సంజ్ఞా భాషలో చెప్పేవారిని చీకటిలో, వేదిక చివర నిలబెట్టకుండా వక్త పక్కన వెలుతురులో ఉంచాలి. నమోదు పత్రంలోనే 'మీకు ఎలాంటి ఏర్పాటు కావాలి' అన్న ఒక్క ప్రశ్న చేర్చితే ఇందులో సగం పని ముందే తెలిసిపోతుంది.

ప్రశ్న: మా డిగ్రీ కళాశాలలో జాతీయ సెమినార్ జరపాలి. బడ్జెట్ స్వల్పం. గత సెమినార్లలో పత్ర సమర్పణలు ఒకరి తర్వాత ఒకరు చదువుకుంటూ పోవడమే జరిగింది. విద్యార్థులు సర్టిఫికెట్ కోసమే కూర్చున్నారు. తక్కువ ఖర్చుతో ఏదైనా కొత్తగా చేయగలమా?
— అధ్యాపకురాలు, హనుమకొండ

జవాబు: తప్పకుండా చేయవచ్చు. కొత్త పద్ధతుల్లో మంచివన్నీ ఖర్చు లేనివే.

ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌ల్యాండ్ విశ్వవిద్యాలయం 2008లో మొదలుపెట్టిన 'మూడు నిమిషాల సిద్ధాంత వ్యాసం' పోటీలో పరిశోధక విద్యార్థి తన పనినంతా ఒకే ఒక స్లయిడ్‌తో మూడు నిమిషాల్లో, ఆ విషయం తెలియనివారికి అర్థమయ్యేలా చెప్పాలి. టోక్యోలో 2003లో పుట్టిన 'పెచాకుచా' పద్ధతిలో ఇరవై చిత్రాలు, ఒక్కోదానికి ఇరవై సెకన్లు, అవి వాటంతట అవే మారిపోతాయి. మొత్తం ఆరు నిమిషాల నలభై సెకన్లు. ఈ రెండింటిలో ఏదైనా తెలుగులో పెట్టండి. తన పరిశోధనను మాతృభాషలో మూడు నిమిషాల్లో చెప్పాల్సి వచ్చినప్పుడు విద్యార్థికి తాను చేసినది ఎంతవరకు అర్థమైందో తెలుస్తుంది.

రెండో రోజు సగం పూట 'ఓపెన్ స్పేస్' పద్ధతిలో నడపండి. 1985లో హారిసన్ ఓవెన్ అనే అమెరికన్ రూపొందించిన ఈ పద్ధతిలో ముందుగా పట్టిక ఉండదు. వచ్చినవారే చర్చించదలచిన అంశాన్ని కాగితం మీద రాసి గోడకు అంటించి, ఏ గదిలో ఎప్పుడు మాట్లాడుకుందామో చెబుతారు. నచ్చినచోటికి ఎవరైనా వెళ్లవచ్చు, నేర్చుకోవడంగానీ నేర్పడంగానీ జరగడం లేదనిపిస్తే లేచి మరో గుంపులో చేరవచ్చు. మన విద్యార్థులు మొదటి పావుగంట మొహమాటపడతారు. ఇద్దరు ముగ్గురు చురుకైనవారిని ముందే సిద్ధం చేస్తే ఆ తర్వాత ఆపడం కష్టమవుతుంది. పత్రాలను మాత్రం ముందే అందరికీ పంపి, సభలో చదవడం పూర్తిగా మానేసి, వాటి మీద చర్చ మాత్రమే జరపండి.

సర్టిఫికెట్ విషయంలో నా మాట కఠినంగా ఉండవచ్చు. వచ్చినందుకు ఇచ్చే సర్టిఫికెట్ వల్ల ఎవరికీ ఉపయోగం లేదు. చర్చలో పాల్గొన్నందుకు, ఒక పేజీ నివేదిక రాసి ఇచ్చినందుకు ఇవ్వండి.

ప్రశ్న: మా పరిశ్రమల సంఘం వార్షిక సమావేశంలో ప్లాస్టిక్ తగ్గించాలని తీర్మానించాం. ఎక్కడ మొదలుపెట్టాలి?
— సంఘ సభ్యుడు, కాకినాడ

జవాబు: చట్టం నిషేధించినవాటితో మొదలుపెట్టండి. 2022 జులై 1 నుంచి దేశమంతటా ఒకసారి వాడి పారేసే ప్లాస్టిక్ స్పూన్లు, ప్లేట్లు, గ్లాసులు, స్ట్రాలు, అలంకరణకు వాడే థర్మాకోల్, 100 మైక్రాన్లకన్నా (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) తక్కువ మందం ఉన్న పీవీసీ బ్యానర్లు నిషిద్ధం. ఆహ్వానపత్రికల మీద, స్వీటు డబ్బాల మీద చుట్టే పలుచని ప్లాస్టిక్ పొర కూడా ఈ జాబితాలో ఉందని చాలామందికి తెలియదు. మీ జిల్లా వైపు అతిథులకు తాపేశ్వరం కాజా డబ్బా ఇవ్వడం రివాజు కాబట్టి ఇది ముందే దుకాణంలో చెప్పి చేయించండి.

100 మైక్రాన్లు దాటిన ఫ్లెక్సీ కేంద్రం జాబితాలో లేకపోయినా మర్నాటికి అది చెత్తే. బట్టమీద ముద్రించే బ్యానరు మీద సంవత్సరం, తేదీ, అతిథుల పేర్లు వేయకుండా సంఘం పేరు, చిహ్నం మాత్రమే వేస్తే ఏళ్ల తరబడి వాడుకోవచ్చు. మారే వివరాలు తెరమీద చూపించండి. నీళ్లకు సీసాలు కాకుండా 20 లీటర్ల డబ్బాలు, స్టీలు గ్లాసులు పెట్టి, గ్లాసులు కడిగే మనిషి కూలీని బడ్జెట్‌లో రాసుకోండి. ఆ చిన్న పద్దు రాయకపోవడం వల్లనే ఆఖరి నిమిషంలో పేపర్ కప్పులు వస్తుంటాయి.

అన్నిటికన్నా పెద్ద వృథా భోజనం దగ్గర జరుగుతుంది. నమోదు పత్రంలో ప్రతి పూటకూ విడిగా 'భోజనం చేస్తారా' అని అడిగి, రెండు రోజుల ముందు మళ్లీ సందేశం పంపి ఖాయం చేసుకోండి. వంటకాల సంఖ్య తగ్గించి రుచి మీద శ్రద్ధ పెడితే పళ్లాల్లో మిగలదు. మిగిలిన ఆహారాన్ని పంచడానికి ఆహార భద్రతా సంస్థ 2019లో నిబంధనలు తెచ్చింది. పంచే సంస్థతో సభకు ముందే మాట్లాడి, వాహనం ఎన్ని గంటలకు రావాలో చెప్పి ఉంచితేనే అది జరుగుతుంది. పెద్ద ఎత్తున చేసేవారు పర్యావరణానికి హాని తగ్గించేలా సభలు నడపడానికి ఉద్దేశించిన ఐఎస్ఓ 20121 అనే అంతర్జాతీయ ప్రమాణాన్ని చూడవచ్చు. లండన్ ఒలింపిక్స్ ఏడాది 2012లో వచ్చిన ఆ ప్రమాణాన్ని 2024లో సవరించారు.

ప్రశ్న: ఒక ప్రదర్శనలో నా బ్యాడ్జి స్కాన్ చేసిన తర్వాత నెలల తరబడి అపరిచిత కంపెనీల ఫోన్లు వస్తున్నాయి. నిర్వాహకులు ఇలా చేయవచ్చా?
— పాఠకురాలు, సికింద్రాబాద్

జవాబు: మీ అనుమతి లేకుండా చేయకూడదు. డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం 2023లో వచ్చింది, దాని నియమాలు 2025 నవంబరులో వెలువడ్డాయి, ప్రధాన బాధ్యతలు దశలవారీగా అమల్లోకి వస్తాయి. ఏ పని కోసం వివరాలు అడుగుతున్నారో స్పష్టంగా చెప్పి, ఆ పనికి మాత్రమే అనుమతి తీసుకోవడం, అనుమతిని వెనక్కి తీసుకునే వీలు కల్పించడం ఆ చట్టంలోని మూల సూత్రాలు. నిర్వాహకులకు నా సూచన: ప్రవేశానికి వాడే క్యూఆర్ కోడ్‌లో నమోదు సంఖ్య తప్ప ఫోను నంబరు ఉండకూడదు. స్పాన్సర్లకు వివరాలు ఇవ్వవచ్చా అన్న గడిని నమోదు పత్రంలో వేరుగా, ముందే టిక్ పెట్టకుండా ఖాళీగా ఉంచండి. మీరు నిర్వాహకులకు లిఖితపూర్వకంగా రాసి, మీ వివరాలు ఎవరెవరికి ఇచ్చారో అడగండి.

ప్రశ్న: డిగ్రీ పూర్తయింది. పెళ్లిళ్ల ఈవెంట్లలో పనిచేశాను. కార్పొరేట్, వృత్తి సంఘాల సభల వైపు వెళ్లాలనుంది. కొత్తగా ఏం నేర్చుకోవాలి?
— నిరుద్యోగి, రాజమహేంద్రవరం

జవాబు: పెళ్లి పనుల్లో మీరు నేర్చుకున్న ఓర్పు, సరఫరాదారులతో మాట్లాడే నేర్పు ఇక్కడా పనికివస్తాయి. అక్కడ అవసరం లేని ఒక విద్య మాత్రం ఇక్కడ తప్పనిసరి. అది నిమిషాలవారీగా కార్యక్రమ పట్టిక రాయడం, దాన్నే ఈ రంగంలో రన్‌షీట్ అంటారు. అతిథికి ఇచ్చే కార్యక్రమ పత్రంలో '10:00 ప్రారంభం' అని ఒక్క పంక్తి ఉంటుంది. మీ దగ్గరి రన్‌షీట్‌లో అదే చోట పది పంక్తులుండాలి: 9:40కి మొదటి వక్త కాలర్ మైక్ పరీక్ష, 9:45కి స్లయిడ్లు కన్సోల్ దగ్గరి ల్యాప్‌టాప్‌లోకి చేరాయో లేదో సరిచూడటం, 9:50కి తలుపుల దగ్గరివారికి సైగ, 9:55కి హాలు దీపాలు తగ్గించడం, 9:58కి వ్యాఖ్యాత వేదిక పక్కకు రావడం. ప్రతి పంక్తి ఎదురుగా ఆ పని చేసే ఒక్క మనిషి పేరు ఉండాలి. ఇద్దరి పేర్లు రాస్తే ఆ పని ఎవరూ చేయరు.

దీంతో పాటు స్ప్రెడ్‌షీట్‌లో బడ్జెట్ వేయడం, కొటేషన్‌లో జీఎస్టీ కలిపారా లేదా చూడటం, హాలు కొలతలతో కాగితం మీద కుర్చీల నమూనా గీయడం నేర్చుకోండి. కృత్రిమ మేధ సాధనాలతో ఆహ్వాన లేఖల చిత్తుప్రతులు, వక్తల పరిచయాలు తొందరగా తయారవుతాయి. అయితే వక్త పేరు, హోదా, ఊరు ప్రతిదీ ఆయన పంపిన కాగితంతో సరిచూడకుండా వేదిక మీదికి పంపవద్దు. మీ ఊళ్లో ఏదైనా వృత్తి సంఘం సభ జరిగే రోజు నమోదు కౌంటరు దగ్గర పని అడిగి చేరండి. ఉదయం ఎనిమిదిన్నర నుంచి పది వరకు ఆ బల్ల వెనక నిలబడితే, పేరు తప్పు పడిన బ్యాడ్జి, డబ్బు కట్టినా జాబితాలో లేని సభ్యుడు, సంచి దొరకని అతిథి, అన్నీ ఎదురవుతాయి. సాయంత్రం వాటినన్నిటినీ రాసుకుని, ఒక్కోదాన్ని ముందే ఆపడానికి ఎవరు ఎప్పుడు ఏం చేసి ఉండాల్సిందో పక్కన రాయండి.